నిండుకున్న సముద్రం

సముద్రం నాకు కొత్త కాదు, ప్రయాణమే కొత్త. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే ఆటో నడిపేవాడికి యాత్రలేమిటని మీరు ఇక్కడే ఆగిపోతారు. పదహారేళ్ళుగా విజయనగరంలో కోట నుంచి స్టేషన్‌కీ, స్టేషన్ నుంచి కోటకీ తిరుగుతున్నాను. ఆ దూరమంతా సాగదీస్తే కాశీకి ఎన్నోసార్లు వెళ్ళిరావచ్చు. పుణ్యం ఎక్కినవాళ్ళు పట్టుకుపోయారు, నాకు నడుంనొప్పి మిగిలింది. ఆరో తరగతి మధ్యలో బడి మానేశాను. లెక్కల మాస్టారు నన్ను వదిలేశారో, నేనే ఆయన్ని వదిలేశానో మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు.

పెద్ద తుపాను వచ్చిపోయిన రెండేళ్ళకి, వానాకాలం చివర్లో, స్టేషన్ దగ్గర ఒకావిడ నా ఆటో ఆపింది. భుజానికి సంచి, చేతిలో కాగితాల బొత్తి. పేరు అనిత, కేరళ అమ్మాయి. తెలుగు పుస్తకాలు చూసి నేర్చుకుందట, మాట్లాడుతుంటే వార్తలు చదువుతున్నట్టే ఉండేది. భోగాపురం దగ్గర మొదలుపెట్టి బారువ దాకా తీరం వెంట పల్లెలు తిరగాలంది. వేట ఎలా ఉంది, ఇంట్లో తిండి ఉందా, తాగే నీళ్ళున్నాయా, మగాళ్ళు వలస పోతున్నారా అని అడిగి, సముద్రం మీద బతికే ఊళ్ళలో ఏది ఎంత అపాయంలో ఉందో మార్కులు వెయ్యాలి. ఎక్కువ అపాయంలో ఉన్న ఊళ్ళు ఒక జాబితాలో చేరతాయి. ఆ జాబితాలో పేరుంటే ఒడ్డుకి రాతికట్ట అడగడానికి దారి దొరుకుతుంది.

ఆవిడ ఊళ్ళ పేర్లు చదువుతూ పోతుంటే మధ్యలో వినపడింది: కొయ్యరేవు.

నేను పుట్టిన ఊరు. మా అప్ప నూకాలు ఉండే ఊరు. అప్ప అంటే మా వైపు అక్క. తుపానుకి ముందు ఆమె ఇంటికీ సముద్రానికీ మధ్య రెండు వరసల ఇళ్ళుండేవి. ఇప్పుడు ఆమెదే మొదటి వరస. ఆ కట్ట రాకపోతే మొదటి వరస వేరేవాళ్ళది అవుతుంది.

"మొత్తానికి ఎంత తీసుకుంటారు?" అంది మేడం.

"డీజిలు, బోయినం సాలమ్మా."

ఆవిడ ఒకడుగు వెనక్కి వేసి ఆటోని పైనుంచి కిందకి చూసింది. "బ్రేకులు పనిచేస్తాయి కదా?"

తక్కువ చెప్పిన ఆటోవాణ్ణి ఈ లోకం నమ్మదు.

భోగాపురం దాటాక

భోగాపురంలో టీ కొట్టు దగ్గర అందరూ ఆకాశం గురించే మాట్లాడుతున్నారు. అక్కడ విమానాశ్రయం వస్తుందట. ఎవరి పొలం పోతుంది, ఎవరి జీడితోట మిగులుతుంది అని వాదన. టీ పోసే ఆయన నన్ను చూసి, "ఇమానాలొచ్చీస్తే నీ ఆటో ఏటవుతాది మావా?" అన్నాడు.

"రన్‌వే మీద షేర్ ఆటో తిప్పుతాను. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, రెక్క మీద ఇద్దరు."

మేడం నవ్వలేదు. అరకిలోమీటరు పోయాక వెనక సీట్లోంచి నవ్వు వినపడింది. పుస్తకం తెలుగు కదా, అర్థం పేజీ తిప్పుకుని వస్తుంది.

మొదటి పల్లెలో ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక తాత దొరికాడు. మేడం కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది: "మీ జీవనోపాధి యొక్క దుర్బలత్వం ఏ స్థాయిలో ఉంది?"

తాత తల ఎత్తి ఒకసారి ఆవిణ్ణి, ఒకసారి నన్నూ చూశాడు. "దుర్బలమా? నాను బాగానే ఉన్నానమ్మా. మా ముసిల్దానికి ఉన్నాది. మోకాళ్ళు."

ముసలమ్మ లోపలికి వెళ్ళి సగం తాగిన టానిక్ సీసా తెచ్చి మేడం చేతిలో పెట్టింది. "ఇది తాగితే నిద్దరొస్తాది గానీ బలం ఏదీ? ఇంకోటి రాయమ్మా."

అప్పటి నుంచి దుబాసీ పని నాదైంది. ప్రశ్న విప్పి చెప్పేవాణ్ణి, జవాబు మూటకట్టి ఇచ్చేవాణ్ణి, దారిలో కాస్త ఉప్పూకారం చల్లేవాణ్ణి. సాయంత్రానికి మేడం కనిపెట్టేసింది. "ఆయన రెండు మాటలన్నారు. మీరు పావుగంట చెప్పారు."

"మావోల్ల మాటలు అటుకుల్లాంటివమ్మా. నానితే ఉబ్బుతాయి."

"రేపటి నుంచి నేనే అడుగుతాను. మీరు ఆటో దగ్గర ఉండండి."

బడిలో కూడా నన్ను ఇలాగే బయట నిలబెట్టేవారు, అలవాటైన చోటే.

ఆ ఊళ్ళో ఒక వింత చూశాను. మధ్యాహ్నం ఒక వ్యాను హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని పరిగెత్తారు. వ్యాను నిండా ఐసు, ఐసు కింద ఎక్కడో హార్బరు నుంచి వచ్చిన కానాగంతలు. సముద్రం ఎదురుగా నిలబడి, సముద్రానికి వీపు తిప్పి, వ్యానులో చేప కొనుక్కుని అమ్మడానికి బయలుదేరారు. మా వీధిలో నేను "ఒడ్డు చేప, ఇప్పుడే దిగింది" అని కొనేది ఇదేనన్నమాట. అక్కడ కిలో నూటపది, మా వీధిలో నూటఎనభై. ఆ డెబ్బై రూపాయలూ సముద్రపు గాలికి కాబోలు.

తిరుగుదారిలో ఇంజను మోతలో మేడం ముందుకి వంగి అరిచింది. "నిండు అంటే ఏమిటి?"

నన్ను అర్థం అడిగిన మొదటి చదువుకున్న మనిషి ఆవిడే. ఛాతీ పొంగింది. "నిండు కుండ! నిండు సెందమామ! నిండు నూరేళ్ళు! పొంగిపోయేటంత ఉన్నాదని!" అని గాలికి ఎదురుగా అరిచాను.

ఆవిడ రాసుకుంది. ఆ అరుపు మూడోరోజు నా గొంతుకే అడ్డం పడుతుందని అప్పుడు నాకు తెలీదు.

పొందూరు, చేప దవడ

మర్నాడు మేడం ఖద్దరు చీర చూస్తానంటే పొందూరు వైపు తిరిగాం. ఒక అరుగు మీద ముసలావిడ పత్తి దువ్వుతోంది. దేంతో అనుకున్నారు? చేప దవడతో. సన్నటి పళ్ళున్న వాలుగ దవడ ఎముక. దాంతో దువ్వితే పత్తిలో నలుసు మిగలదు, నూలు వెంట్రుకలా వస్తుంది.

నాకు గర్వం ఆగలేదు. "సూసినారా మేడం, మా సేప నేకపోతే ఈ బట్టే నేదు."

ముసలావిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "నీ సేపేటి నాయనా? ఇది ఏటిలోది, సెరువులోది. మీ ఉప్పు సేప పళ్ళు దీనికి పనికిరావు."

సముద్రానికి తరతరాలుగా పుట్టినవాణ్ణి ఇంతలా ఎవరూ తీసిపారెయ్యలేదు. నోరు మూసుకుని ఆ బట్ట ముట్టుకున్నాను. మా అమ్మకి ఒక్క పొందూరు చీర కొనాలని మా నాన్న బతికున్నన్నాళ్ళూ అనేవాడు. ప్రతి ఏడూ పెద్ద వేట పడ్డాక అనేవాడు.

"ఇలాంటి దవడలు మీ దగ్గర ఇంకా ఉన్నాయా?" అని మేడం అడిగింది.

"నిండుకున్నాయి తల్లీ," అంది ముసలావిడ.

"చాలా సంతోషం," అంది మేడం.

ముసలావిడ చెయ్యి ఆగింది. దవడలు అయిపోతే ఈ పిల్లకి సంతోషమేమిటని చూసింది. ఆ మాట నా చెవిలో కూడా పడింది. పడి, ఊరికే పడుకుంది. నేను చీర ధర విని లేచిన కళ్ళు దించుకునే పనిలో ఉన్నాను.

కొయ్యరేవు

మధ్యాహ్నం దాటాక సరుగుడు తోట చివర ఆటో ఆపాను. అక్కడి నుంచి ఇసక, చక్రం దిగిపోతుంది.

అప్ప గుమ్మంలో చేపల తట్ట కడుగుతోంది. తల ఎత్తకుండానే అంది, "ఎవుల్రా అది? సింవాచలమేటి? దారి తప్పీసినావా, డీజిలు అయిపోనాదా?"

"నీ సేతి కూర గుర్తొచ్చినాదప్పా."

"రెండేళ్ళకి గుర్తొచ్చినాదేటి? నీకు నోరుంది గానీ కాళ్ళేవిరా?" అంటూనే చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసింది, అవి ఉన్నాయో లేవో చూసుకోవడానికన్నట్టు.

చోడి అంబలి, వంకాయలో ఎండు నెత్తళ్ళు వేసిన కూర. విజయనగరంలో మా ఆవిడ కూడా చేస్తుంది ఇదే కూర. అవే నెత్తళ్ళు, అవే వంకాయలు, కానీ గాలి వేరు. ఇక్కడ ముద్ద నోటికి వెళ్ళేలోపు సముద్రం దాని మీద ఒకసారి ఊదుతుంది. మేడం మూడుసార్లు వడ్డించుకుంది.

బావ ఇంట్లో లేడు. గుజరాత్‌లో వీరావల్ వెళ్ళాడు. మా తీరం మగాళ్ళు చాలామంది అక్కడి బోట్ల మీద కూలికి పోయి మళ్ళీ వేసవికి వస్తారు. గుమ్మంలో సముద్రం పెట్టుకుని, వేటకి దేశం ఆ చివరకి పోవడం.

తిన్నాక ఒడ్డుకి నడిచాం. ఆటు సమయం, నీళ్ళు వెనక్కి తగ్గాయి. కొంచెం లోపల అలల మధ్య సిమెంటు వర ఒకటి పైకి కనపడుతోంది. అది మేం పుట్టిన ఇంటి నుయ్యి. ఆ నీళ్ళు తోడి పోసుకున్న ఒళ్ళు ఇది. ఇప్పుడు దాంట్లోకి అల దిగుతోంది, ఎక్కుతోంది, ఎవరో చేద వేసి తోడుతున్నట్టు. పొద్దున్నే నాన్న తెప్ప ఇసకలో కీచుమంటూ లోపలికి జారే చప్పుడుకి నేను లేచేవాణ్ణి. పదహారేళ్ళుగా ఆటో సైలెన్సర్ చప్పుడుకి లేస్తున్నాను, ఇంకా లేచినట్టే ఉండదు.

"ఈ ఏడు కవళ్ళ సేపలు నేవేటప్పా?" అన్నాను.

అప్ప చటుక్కున నా నోటి మీద చెయ్యి పెట్టింది. చెయ్యి నిండా చేపల వాసన. "గంగమ్మ ముందర నిలబడి ఆ మాటంటావేటిరా? పట్నం పోయి అన్నీ మరిసిపోనావు."

నిజంగానే మరిచిపోయాను. 'లేదు' అన్న మాట, మా నాలుక మీద 'నేదు', ఒడ్డున పలకకూడదు. సముద్రం వింటుంది. వింటే అలాగే చేసేస్తుందని భయం.

మేడం కాగితాలు తీసి ఇంటింటికీ బయలుదేరింది. నాకు శిక్ష కదా, ఆటో దగ్గరే కూర్చున్నాను. దూరం నుంచి చూస్తుంటే ఆడవాళ్ళు నవ్వుతున్నారు, మేడం గబగబా టిక్కులు పెడుతోంది. బాగానే జరుగుతోంది, కట్ట వచ్చేస్తుందనుకుని సీటు మీద కాళ్ళు చాపుకున్నాను.

కళింగపట్నం, లైట్‌హౌసు నీడలో

మూడోరోజు కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసే చోటు చూసి, లైట్‌హౌసు దగ్గర భోజనానికి కూర్చున్నాం. ప్లేటు భోజనం ఎనభై, వంజరం వేపుడు ముక్క విడిగా అరవై. ముక్క ఎంత పలచగా కోశారంటే దాంట్లోంచి లైట్‌హౌసు కనపడింది.

మేడం ఉత్సాహంగా ఉంది. "సింహాచలం గారూ, ఒక మంచి వార్త. మీ అక్కగారి ఊరికి అపాయం చాలా తక్కువ. జాబితాలో వెయ్యవలసిన అవసరం లేదు."

"ఏటమ్మా?"

"ఇళ్ళ ముందు సముద్రం ఉంది, నిజమే. కానీ బియ్యం నిండుగా ఉన్నాయి, మంచినీళ్ళు నిండుగా ఉన్నాయి, కిరోసిన్ కూడా. చేపల గురించి అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు. నిండుకున్నాయి అని."

వంజరం ముక్క గొంతులో ఆగింది. పలచటి ముక్క కాబట్టి బతికాను.

మా ఇళ్ళలో బియ్యం డబ్బా ఖాళీ అయితే ఖాళీ అని ఎవరూ అనరు. అలా అంటే ఆ ఇంట లక్ష్మి ఉండదని. నిండుకున్నాయి అంటారు. పొరుగింటికి గిన్నె పట్టుకెళ్ళి, "బియ్యం నిండుకున్నాయమ్మా" అంటే, గ్లాసుడు అప్పియ్యమని. ఇది తెలుగువాళ్ళందరి ఇళ్ళలోనూ ఉన్నదే. మా ఊరివాళ్ళు సముద్రానికి కూడా అదే మర్యాద చేస్తారు.

చెప్పాను. మేడం చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది.

"నిండు అంటే పొంగిపోయేంత ఉందని మీరే చెప్పారు."

"సెప్పినాను."

"నిండు కుండ అన్నారు."

"అన్నానమ్మా. దానికి తోక తగిలితే అర్తం తిరగబడిపోతాదని సెప్పనేదు. ఆ పాటం వచ్చేసరికి బడి మానీసినాను."

ఆవిడ నవ్వలేదు. అరకిలోమీటరు ఆగినా నవ్వేది కాదు. కాగితాలు తిరగేసింది. మొదటి ఊరొక్కటే సరిగ్గా ఉంది, నా ఉప్పూకారంతో సహా. ఆ తరవాత ప్రతి ఊళ్ళోనూ, ప్రతి ఇంట్లోనూ నిండు, నిండు, నిండు. కాగితం మీద మా తీరమంత కలిగిన తీరం దేశంలోనే లేదు.

"కొట్టీసి నేదని రాసీండమ్మా, నాను సెప్తన్నాను కదా."

"మీరు చెబితే రాయకూడదు. మీకు అక్కడ అక్క ఉంది. ఇంటివాళ్ళు స్వయంగా చెప్పాలి. 'లేదు' అని, వాళ్ళ నోటితో."

బారువ కొబ్బరితోటలు ఇంకా పైన ఉన్నాయి. చూడాలని చిన్నప్పటి నుంచీ ఆశ. ఆటో ముందు చక్రం దక్షిణానికి తిప్పాను.

మళ్ళీ కొయ్యరేవు

వాళ్ళ నోటితో, అంది మేడం. ఆ నోళ్ళు నాకు తెలుసు.

"ఓలమ్మో, ఆ మాట అనమంటావేటి?" అంది మొదటి ఇంటావిడ. "మా ఆయన గుజరాత్‌లో నీళ్ళ మీదున్నాడు. నానిక్కడ ఆ మాటంటే అక్కడ ఇనపడదా? సముద్రం ఒక్కటే కదా."

రెండో ఆవిడ తలుపేసుకుంది. మూడో ఆవిడ, "నిన్న సెప్పినాం కదా నిండుకున్నాదని, మల్లా ఏటి?" అని మేడం మీదే తిరగబడింది.

మేడం ఇసకలో కూర్చుండిపోయింది. నేను వెళ్ళి అప్ప ముందు నిలబడ్డాను. "అప్పా, ఆ ఒక్క మాట అనకపోతే కట్ట రాదు."

"కట్ట కోసం గంగమ్మని తిట్టమంటావేటిరా?"

"తిట్టొద్దు. ఆవిడికి ఇనపడకండా సెప్పొచ్చు కదా?"

అప్ప నన్ను చూసింది. చిన్నప్పుడు బెల్లం దొంగిలించే ముందు చూసిన చూపే అది. "ఎలాగ?"

ఆటోని సరుగుడు తోట వెనక్కి తీసుకెళ్ళాను. రెండు వైపులా పరదాలు దించాను. ఇంజను స్టార్ట్ చేసి హ్యాండిల్ తిప్పి పట్టుకున్నాను. పదేళ్ళ పాత డీజిలు ఇంజను. దాని మోతకి విజయనగరంలో నన్ను తిట్టని వీధి లేదు. ఆ రోజు మాత్రం దేవుడిచ్చిన గొంతులా ఉంది. వెనక సీట్లో మేడం, పక్కన ఒకావిడ. ఒకరు దిగితే ఇంకొకరు. నా పని ముందు సీట్లో వెనక్కి తిరక్కుండా కూర్చుని మోత తగ్గకుండా చూడటం.

ఒకసారి తలుపు తెరుచుకున్నాక ఆ మాట ఆగలేదు. కవళ్ళు నేవు. నూతిలో తీపి నీళ్ళు నేవు. వల ఆరేసుకోడానికి ఇసక నేదు. పిల్లనిస్తామని వచ్చేవోడు నేడు, సముద్రంలో కలిసిపోయే ఇంటికి ఎవులిస్తారు? ఒకావిడ ఎక్కి కూర్చుని ఏమీ చెప్పకుండా కాసేపు నేదు నేదు అని ఊరికే అనుకుని దిగిపోయింది. దిగుతూ నా భుజం తట్టి, "బాగున్నాదిరా నీ గుడి," అంది. ఆవిడ మాటని ఏ గడిలో రాయాలో మేడానికి తెలియలేదు.

అప్ప చివర ఎక్కింది.

"నువ్వు ఎనక్కి తిరక్కు," అంది నాతో. తరవాత మేడంతో, ఆ మోత మీద గొంతు పెంచి, ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు చెప్పింది. బియ్యం రెండ్రోజులై నేవు. కిరసనాయిలు నేదు. ముందర రెండు వరసలు నేవు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అంది మేడం.

"నానొక్కదాన్నే. మా ఆయన నేడు, వీరావల్‌లో ఉన్నాడు. మా తమ్ముడు నేడు."

పెన్ను చప్పుడు ఆగినట్టు ఆ మోతలోనూ నాకు తెలిసింది. "తమ్ముడు... ఇక్కడే కదా..."

"ఇక్కడ నేడమ్మా. రాసుకో."

నేను హ్యాండిల్ చివరి దాకా తిప్పాను. ఇంజను గట్టిగా అరిచింది. సముద్రానికి వినపడకూడదని కదా మా ఏర్పాటు. నా గొంతు కూడా ఎవరికీ వినపడలేదు.

విజయనగరం

మిగతా ఊళ్ళు కూడా మేడం అలాగే మళ్ళీ అడిగింది, నా ఆటోలోనే, పరదాలు దించి. చివరికి స్టేషన్ దగ్గర దిగి, సంచి భుజాన వేసుకుంటూ, "మీ డీజిల్ నిండుకుందా?" అంది. రెండు క్షణాలు పట్టింది నాకు. ఈసారి పేజీ తిప్పుకోవలసింది నేను.

రెండు నెలల తరవాత ఫోన్ చేసింది. కొయ్యరేవు పేరు జాబితాలో చేరింది, పైన రెండోది. కట్ట ఎప్పుడొస్తుందో తెలీదు, అడగడానికి కాగితం మాత్రం ఉంది. బడిలో ఎప్పుడూ రాని ర్యాంకు మా ఊరికి వచ్చిందని స్టాండులో అందరికీ టీ ఇప్పించాను. వెంటనే అప్పకి ఫోన్ కొట్టాను. అవతల హోరు.

"అప్పా, ఊరి పేరు ఎక్కినాది!"

"మంచిదిరా. తిన్నావేటి?"

"తిన్నాను. నీకు బియ్యం ఉన్నాయేటి?"

"నిండు..." అంది. తరవాతి అక్షరాన్ని ఒక అల మింగేసింది. "...న్నాయిరా."

నిండుగున్నాయా, నిండుకున్నాయా? గు అయితే డబ్బా నిండా ఉన్నాయి, కు అయితే ఒక్క గింజ లేదు. ఫోన్ చెవికి అదిమిపెట్టాను. ఇంకో అల విరిగింది.

"అప్పా, ఆ మోతలో ఇనపడనేదు. ఒడ్డు కాడ నిలబడి మాటాడతావేటి? ఇంట్లోకెళ్ళి సెప్పు."

"ఇంట్లోనే ఉన్నాన్రా," అంది అప్ప. "పొయ్యి కాడ."